పునీతుల వరసలో మనమూ

పొద్దున పది కావస్తోంది. లాస్ ఏంజిలెస్ నడిబొడ్డున, టెంపుల్ స్ట్రీట్ మీద నిలబడి ఉన్నాం. పక్కనే 101 ఫ్రీవే. కార్ల హోరు ఒక్క క్షణం ఆగదు. ఎదురుగా మట్టిరంగు కాంక్రీటు గోడలు ఏటవాలుగా ఒకదాన్నొకటి కోసుకుంటూ పైకి లేచాయి. రెండు గోడలు సరిగ్గా లంబకోణంలో కలిసే మూల కోసం వెతికితే దాదాపు ఎక్కడా దొరకదు. దేవదూతల రాణి మరియమాత పేరున వెలసిన కథీడ్రల్ ఇది, లాస్ ఏంజిలెస్ అగ్రపీఠానికి ప్రధాన దేవాలయం. 1876 నాటి పాత కథీడ్రల్ సెయింట్ విబియానా 1994 భూకంపంలో దెబ్బతింది. కొత్తదాన్ని స్పెయిన్ వాస్తుశిల్పి రఫాయెల్ మోనేయో రూపొందించారు. 2002 సెప్టెంబరు 2న ప్రతిష్ఠ జరిగింది. పాత గుడి నేర్పిన పాఠం పునాదిలోనే ఉంది. భూమి కదిలినా కట్టడం తట్టుకునేలా, కింద ప్రకంపనలను అడ్డుకునే ప్రత్యేక దిమ్మెల మీద దాన్ని నిలిపారు.

ముందు కంచు తలుపులు. శిల్పి రాబర్ట్ గ్రాహం పని. బరువు 25 టన్నులు. దగ్గరికెళ్తే కంచులో ఎన్నెన్నో జాతుల పురాతన చిహ్నాలు కనిపిస్తాయి, వాటితోపాటు రకరకాల దేశాలవాళ్లు కొలిచే మరియమాత రూపాలూ ఉన్నాయి. ఇక తలెత్తండి. తలుపుల పైన ఎనిమిదడుగుల మరియమాత. తలమీద ముసుగు లేదు. చేతులు చాచి నిలబడింది, ఆ చేతులు కష్టం చేసే ఆడమనిషి చేతులు. పక్కకి జరిగి చూస్తే వీపు మీద లావాటి జడ. ఆ ముఖం ఏ ఒక్క జాతిదీ కాదు. తల వెనక బంగారు వలయం కోసం చూస్తే గోడకు కోసిన గుండ్రటి కంత, దాంట్లోంచి ఆకాశం. పగలు గడిచేకొద్దీ ఆ తేజోవలయం రంగు మారుతూ ఉంటుంది.

లోపలికి అడుగుపెడితే బలిపీఠం వెంటనే కనిపించదు. మోనేయో మనల్ని పక్కనున్న పొడవాటి నడవలోకి మళ్లించాడు. ఫ్రీవే హోరు వెనకబడుతుంది, మన చెప్పుల చప్పుడు మనకే వినిపిస్తుంది. నడవ చివర 1687 నాటి చెక్కడపు పని బంగారు పూతతో మెరుస్తోంది. స్పెయిన్‌లో ఎస్కరాయ్ అనే ఊళ్లో, సెయింట్ ఫిలిప్ నేరి సభ వారి ప్రార్థనా మందిరం కోసం చేసింది ఇది. మూడు వందల ఏళ్లు దాటిన చెక్క ఈ కొత్త కాంక్రీటు గోడల మధ్య ఏమాత్రం పరాయిగా లేదు.

అక్కడ మలుపు తిరిగితే జ్ఞానస్నానపు తొట్టి దగ్గర తేలతాం. ఒక్కసారిగా ఆలయం మొత్తం తెరుచుకుంటుంది. వెలుతురు నేరుగా పడదు. కిటికీల నిండా గాజుకు బదులు స్పెయిన్ నుంచి తెచ్చిన అలబాస్టర్ రాతి పలకలు. ఎండ ఆ రాతిలోంచి వడగట్టుకుని తేనెరంగులో దిగుతోంది.

ఇప్పుడు గోడల వైపు చూడండి. రెండు పక్కలా 25 నేత తెరలు వేలాడుతున్నాయి. వాటిలో 135 మంది పునీతులు, ధన్యజీవులు. చిత్రకారుడు జాన్ నావా ఊరి జనంలోంచే ఎందరినో నిలబెట్టి వాళ్ల ముఖాలు తీసుకున్నాడు. తవ్వకాల్లో బయటపడ్డ పాతకాలపు ఉపరితలాల తీరును కంప్యూటర్‌లో ఆ బొమ్మలతో కలిపి, ఆ ఫైళ్లను బెల్జియంలోని మగ్గాలకు పంపాడు. ధర్మవరం మగ్గాల మీద జకార్డు అట్టల వరస చూసినవాళ్లకు ఈ పని కొత్తేమీ కాదు. బొమ్మ ముందు లెక్కగా మారుతుంది, లెక్క మళ్లీ పడుగూ పేకల్లో బొమ్మవుతుంది. నాలుగడుగుల దూరంలో ఆగితే చెంప మీది నీడ కూడా నూలుపోగులుగా విడిపోతుంది. పది అడుగులు వెనక్కి వస్తే ఆ పోగులే మళ్లీ మనిషి అవుతాయి, పెచ్చులూడిన పాత కుడ్యచిత్రంలోంచి దిగివచ్చిన మనిషిలా.

వీళ్లలో పోపు 23వ జాన్ ఉన్నారు. కలకత్తా వీధుల్లో నీలి అంచు చీరతో తిరిగిన మదర్ తెరేసా ఉంది. ఆ తెరలు నేసేనాటికి తిరుసభ ఆమెను ఇంకా పునీతురాలిగా ప్రకటించలేదు, ఆ ప్రకటన 2016లో వచ్చింది. పక్కపక్కనే శతాబ్దాల ఎడం ఉన్నవాళ్లు ఒకే వరసలో నిలబడ్డారు. మన ఊళ్ల గుళ్లలో పునీతుల స్వరూపాలు గూళ్లలో, దండల మధ్య మనకేసి చూస్తుంటాయి. ఇక్కడ వాళ్లెవరూ మనల్ని చూడరు. అందరి ముఖాలూ బలిపీఠం వైపే. బెంచీల మీద కూర్చున్నవాళ్లు చూసేదీ అటే. ఇంకాస్త పరికించండి, కొందరి పక్కన పేరు లేదు. అలాంటివాళ్లు పన్నెండు మంది. వాళ్లలో పిల్లలూ ఉన్నారు. ఏ జాబితాకూ ఎక్కని మంచివాళ్ల కోసం నావా వదిలిన చోటు అది.

ముందుకు నడిస్తే బలిపీఠం, టర్కీ నుంచి తెచ్చిన ఎర్ర పాలరాయి. దాని వెనక మరికొన్ని తెరలు. వాటి మీది వలయాల నడుమ సన్నటి గీతలు చూడండి, అవి లాస్ ఏంజిలెస్ వీధుల పటం. బయట మనం దాటొచ్చిన ఊరే పూజాస్థలం వెనక నేసి ఉంది. పక్కన సైమన్ టోపరోవ్‌స్కీ చేసిన కంచు సిలువ. క్రీస్తు పాదాలు చేతికందే ఎత్తులోనే ఉన్నాయి.

మెట్లు దిగితే సమాధుల మందిరం. నటుడు గ్రెగరీ పెక్ ఇక్కడే ఉన్నాడు. పాత విబియానా కథీడ్రల్ రంగుటద్దాలను ఈ గోడల్లో అమర్చి వెనక దీపాలు పెట్టారు. భూకంపం ఆ కట్టడాన్ని ఆరాధనకు దూరం చేసింది కానీ దాని వెలుతురును ఇక్కడివాళ్లు పారేసుకోలేదు.

వారసత్వమంటే పాతదాన్ని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేయడమని మనం తరచూ అనుకుంటాం. ఈ గుడి ఆ మాట ఒప్పుకోదు. 1687 నాటి చెక్కడానికి చోటిచ్చిన చేతులే కంప్యూటర్‌తో నడిచే మగ్గానికీ పని చెప్పాయి. పునీతులకు పొరుగింటివాళ్ల ముఖాలిచ్చింది ఈ కాలమే. రేపు వచ్చే తరం ఈ గోడల మీద తమ పోలిక వెతుక్కుంటే, వాళ్లకది దొరుకుతుంది. ఒక ఆలయానికి అంతకు మించిన సంపద ఉంటుందని నేననుకోను.