కోటప్పకొండ తిరునాళ్లు: ఎక్కలేనివారి దారి

నరసరావుపేట దగ్గరి కోటప్పకొండ స్థలపురాణాన్ని మీలో చాలామంది వినే ఉంటారు. గర్భవతి అయిన ఆనందవల్లి అనే గొల్లభామ కొండ ఎక్కలేక, స్వామినే దిగి రమ్మని వేడుకుంది. ఆమె వెనుదిరిగి చూడడంతో, వెంట వస్తున్న స్వామి మధ్యలోనే ఆగిపోయాడు. దీన్ని జరిగిన చరిత్రగా తీసుకోకండి. ఎక్కలేని మనిషి మొర ఈ ప్రాంతపు జ్ఞాపకంలో నిలిచిపోయిందని మాత్రం గమనించండి.

తర్వాతి కాలంలో మెట్లకు తోడు ఘాట్ రోడ్డు వచ్చింది. కాలినడకన ఎక్కలేనివారు వాహనంలో పైకి చేరుతున్నారు. కానీ మహాశివరాత్రికి పత్తి, మిర్చి పండే పల్లెల నుంచి ప్రభలతో జనం కదిలివచ్చినప్పుడు, వాహనం దిగాక ఏమిటి? క్యూలైను, గడప, మరుగుదొడ్డి ఉంటాయి. మైకు ప్రకటన చెవిటివారికి చేరదు. వీటిలో ఏ ఒక్కటి అడ్డుపడినా రోడ్డు వేసిన ప్రయోజనం సగమే.

1995 చట్టం 7 రకాల వైకల్యాలను గుర్తించింది, 2016 చట్టం 21 రకాలను. అయితే నా దృష్టిలో సంఖ్య కన్నా 29వ సెక్షన్ ముఖ్యం: సాంస్కృతిక, వినోద కార్యక్రమాల్లో ఇతరులతో సమానంగా పాల్గొనడం హక్కు, దాన్ని కాపాడే బాధ్యత ప్రభుత్వానిది, స్థానిక సంస్థలది. ఇక ప్రవేశ సౌకర్యాల ప్రమాణాలు కేవలం సూచనలుగా ఉంటే చాలదనీ, తప్పనిసరి నియమాలను 3 నెలల్లో రూపొందించాలనీ సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న కేంద్రాన్ని ఆదేశించింది.