లినక్సు: ఒక అనుమతిపత్రము కథ

నా యింట పండ్రెండేండ్లనాటి కంప్యూటరొకటి కలదు. అమ్మినవారు క్రొత్తది కొనుమనిరి. నేను డెబియన్ అను స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టము నెక్కించి, నిత్యమును దానితోడనే తెలుగు వ్రాసికొనుచున్నాను. ఇది యెట్లు సాధ్యమయ్యెనో శ్రోతలకు మనవి చేసెదను.

1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రయత్నమును ప్రకటించెను. ప్రోగ్రాము మూలమును చదువుటకును, మార్చుటకును, పంచుటకును ఎల్లరకు హక్కుండవలెనని ఆయన పట్టు. పనిముట్లు పెక్కు సిద్ధమైనవి గాని, యంత్రమును ఏలు కెర్నెలు మాత్రము కొఱవడెను. 1991లో హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్సను కెర్నెలును వెలువరించెను.

చాలమంది కథ నిచ్చటనే ముగింతురు. నాకది న్యాయముగ తోపదు. ఏలయన, ఆ తొలి లినక్సును పంచువారు సొమ్ము పుచ్చుకొనరాదను నిషేధముండెను; చేతిఖర్చులు సైతము రాబట్టుకొనరాదు! 1992లో టోర్వాల్డ్స్ దానిని త్రోసిపుచ్చి గ్నూవారి జీపీఎల్ అనుమతిపత్రము నంగీకరించెను. ఇక అమ్ముకొనవచ్చును, మూలమును మాత్రము దాచరాదు. ఆ సంవత్సరాంతమునకే యిగ్‌డ్రాసిల్ వారు సీడీపై లినక్సును తెచ్చిరి. 1993లో ఇయన్ మర్డాక్ డెబియనును ప్రారంభించెను. ఆ పేరులో ఆయన పేరును, ప్రియురాలు డెబ్రా పేరును కలిసియున్నవి.

మొన్న నా ప్రింటరు మొరాయించినపుడు, ముఖమెఱుగని విదేశీయుడెవరో ఆ మూలమున సవరించియుంచిన నాలుగు పంక్తులే నా పని గట్టెక్కించినవి.