నికాహ్ మజ్లిస్: ఇల్లు, మస్జిదు, షాదీఖానా

హనఫీ ఫిఖహ్ ప్రకారం నికాహ్ నెరవేరటానికి కావలసినవి ఈజాబు, ఖబూలు, ఆ రెంటినీ వినే ఇద్దరు సాక్షులు. మహర్ వధువు హక్కు. నికాహ్ సమయాన దాని ప్రస్తావన రాకపోయినా అది వరునిపై వాజిబ్ అవుతుంది. ఇన్ని విషయాలు చెప్పిన ఫుఖహా, పెళ్ళి ఫలానా చోటనే జరగాలని ఎక్కడా షరతు పెట్టలేదు. వారు వాడిన మాట ‘మజ్లిస్’. ఈజాబు, ఖబూలు ఒకే మజ్లిసులో జరగాలన్నారు. మజ్లిస్ అంటే భవనం కాదు, కూర్చున్న ఆ కూటమి. హి. 587 (క్రీ.శ. 1191)లో మరణించిన ఇమామ్ కాసానీ తన ‘బదాయిఉస్సనాయీ’లో ఈ విషయాన్ని చివరిదాకా విచారించారు. ఇద్దరు నడుస్తూనో, పశువులపై స్వారీ చేస్తూనో ఒప్పందం చేసుకుంటే అది చెల్లదు, ఎందుకంటే అడుగడుగునా మజ్లిస్ మారిపోతున్నది. పోతున్న ఓడలో చేసుకుంటే చెల్లుతుంది, ఎందుకంటే ఓడను నడపటం, ఆపటం వారి చేతిలో లేదు. నడిసముద్రంలో చెల్లే నికాహ్‌కు నగరంలో ఒక హాలు దొరకలేదని ఏడాది వాయిదా వేసే కుటుంబాలు ఈనాడు వున్నాయి!

షరతు లేదన్నంత మాత్రాన స్థలం సంగతి షరీఅత్‌కు పట్టనిదని కాదు. స్థలం ఎటువంటిదనే దానిపై మరి రెండు విషయాలు ఆధారపడి వున్నాయి. ఒకటి ప్రకటన. నికాహ్ గుట్టుగా జరగకూడదు, నలుగురికీ తెలియాలి. రెండవది భారం. విందు ఖర్చు ఎవరిది, ఎంత? దైవప్రవక్త ముహమ్మద్ (స) కాలంలోని వివాహాలను ఈ రెండు దృష్టులతో పరిశీలిస్తే ఆయా సందర్భాలలో ఎంపిక ఎలా జరిగిందో తెలుస్తుంది.

హి. 7వ సంవత్సరంలో ఖైబర్ నుంచి మదీనాకు తిరిగి వస్తూ దైవప్రవక్త (స) దారిలో సహ్బా అనే చోట విడిది చేశారు. హజ్రత్ సఫియ్య (రజి)తో వివాహ జీవితం అక్కడే మొదలయింది. ఆ విందును హజ్రత్ అనస్ (రజి) వర్ణించారు. నేలపై తోలు పరిచారు. సైనికులలో ఎవరి దగ్గర ఏది మిగిలివుంటే అది తెచ్చారు. ఒకరు ఖర్జూరాలు, ఒకరు ఎండిన జున్ను, ఒకరు నెయ్యి. వాటిని కలిపి చేసిన ‘హైస్’ వలీమా భోజనం. అందులో రొట్టె లేదు, మాంసం లేదు.

అదే సంవత్సరం చివర ఉమ్రతుల్ ఖజా సందర్భంగా మరొక వివాహం జరిగింది. హజ్రత్ అబ్బాస్ (రజి) హజ్రత్ మైమూన (రజి)ను దైవప్రవక్త (స)కు ఇచ్చి నికాహ్ చేశారు. హుదైబియా ఒప్పందం ప్రకారం ముస్లిములు మక్కాలో మూడు రోజులే వుండాలి. గడువు ముగియగానే ఖురైషుల తరఫున హువైతిబ్ బిన్ అబ్దుల్ ఉజ్జా వచ్చి వెళ్ళిపొమ్మన్నాడు. తమ మధ్యనే విందు చేస్తాము, మీరూ వచ్చి భోజనం చేయండని దైవప్రవక్త (స) అడిగారని ఇబ్నె ఇస్‌హాఖ్ రాశారు. ఖురైషులు ఒప్పుకోలేదు. మారుమాట లేకుండా ముస్లిములు ఊరు విడిచారు. మక్కా వెలుపల సరిఫ్ అనే చోట ఆ కార్యం జరిగింది. మక్కా వంటి నగరంలో, బంధువుల నడుమ జరగవలసిన విందు అది. ఒప్పందాన్ని నిలుపుకోవటానికి దాన్ని వదులుకున్నారు. తర్వాతి కాలంలో హజ్రత్ మైమూన (రజి) అదే సరిఫ్‌లో మరణించారు, ఆమె సమాధి అక్కడే వున్నది.

ఇక హజ్రత్ ఉమ్మె హబీబా (రజి) నికాహ్‌లో వధూవరులు ఒక దేశంలోనే లేరు. ఆమె అబిసీనియాలో, దైవప్రవక్త (స) మదీనాలో. ఆమె మొదటి భర్త అక్కడే చనిపోయాడు. తండ్రి అబూ సుఫ్యాన్ అప్పటికి మక్కాలో ఇస్లాంకు విరోధి. పరాయి దేశంలో ఒంటరిగా వున్న ఆమె తన బంధువు ఖాలిద్ బిన్ సయీద్ (రజి)ను వకీలుగా నియమించుకున్నారు. నజాషీ రాజు దైవప్రవక్త (స) తరఫున నికాహ్ జరిపించి మహర్ తానే చెల్లించాడు. అది 400 దీనార్లని కొందరు, 4000 దిర్హములని కొందరు ఉల్లేఖించారు. వచ్చినవారు లేచి వెళ్ళబోతుంటే, పెళ్ళినాడు భోజనం పెట్టటం ప్రవక్తల సంప్రదాయమని చెప్పి రాజు వారిని కూర్చోబెట్టాడు. వధువు పుట్టింటివారు అండగా లేనప్పుడు ఆమె వున్న చోటికే నికాహ్ వెళ్ళటం ఇక్కడ గమనించదగిన విషయం.

మదీనా సామాన్యుల పెళ్ళిళ్ళు ఎక్కువగా ఇళ్ళలోనే జరిగాయి. హజ్రత్ అబూ ఉసైద్ సాయిదీ (రజి) ఇంటి పెళ్ళికి దైవప్రవక్త (స), సహాబీలు వెళ్ళారు. పెళ్ళికూతురు తానే వడ్డించింది. రాతి పాత్రలో రాత్రే నానబెట్టివుంచిన ఖర్జూరాల పానీయాన్ని భోజనానంతరం దైవప్రవక్త (స)కు అందించింది. ఇంకొక సంగతి. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) మదీనాలో ఒక అన్సారీ స్త్రీని వివాహమాడారు. ఆయన బట్టలపై పసుపు వన్నె సుగంధపు మరక చూసి అడిగిన తర్వాత గాని దైవప్రవక్త (స)కు ఆ పెళ్ళి సంగతి తెలియలేదు. తనను ఎందుకు పిలవలేదని ఆయన అనలేదు. ఒక్క గొర్రెతోనైనా వలీమా చేయమన్నారు, అంతే. పిలుపు రాలేదని రక్తసంబంధాలు తెంచుకునే వారు ఈ హదీసును చదివే వుంటారు.

ఇంట్లో జరిపితే ఇబ్బందీ వున్నది. హజ్రత్ జైనబ్ (రజి) వలీమాకు రొట్టె, మాంసం పెట్టారు, జనం పంక్తులుగా వచ్చి తిని వెళ్ళారు. కొందరు మాత్రం భోజనం ముగిసినా మాటలలో పడి కదలలేదు. ఇల్లు ఒకే గది. వెళ్ళమని చెప్పటానికి దైవప్రవక్త (స)కు మొగమాటం. ఆయన బయటికి వెళ్ళి వచ్చినా వారు అక్కడే వున్నారు. అతిథుల మర్యాదను బోధిస్తూ సూరా అహ్‌జాబ్‌లోని 53వ ఆయత్ ఆ సందర్భంలోనే అవతరించింది. చిన్న ఇంట్లో పెద్ద విందు పెట్టుకున్నవారికి ఆ ఇరుకు ఏమిటో తెలుసు.

మరి మస్జిదు? నికాహ్‌ను ప్రకటించాలని, మస్జిదులో జరపాలని, దఫ్ మ్రోగించాలని అర్థమిచ్చే ఒక హదీసును ఇమామ్ తిర్మిజీ హజ్రత్ ఆయిషా (రజి) నుంచి ఉల్లేఖించారు. ఉపన్యాసాలలో తరచు వినిపించే హదీసు ఇది. అయితే దీని సనదులోని ఈసా బిన్ మైమూన్‌ను ముహద్దిసులు బలహీనుడన్నారు. ప్రకటన విషయంలో ఇతర ఉల్లేఖనాల బలం వున్నది, మస్జిదు విషయంలో ఆ బలం లేదు. అయినా హనఫీ, షాఫయీ, హంబలీ ఫుఖహా మస్జిదులో నికాహ్‌ను ముస్తహబ్ అన్నారు. మాలికీలు జాయిజ్ అన్నారు. పవిత్ర స్థలం, జనం సహజంగా చేరే చోటు, కనుక ప్రకటన దానంతట అదే నెరవేరుతుంది. అద్దె లేదు, అలంకారం అక్కర లేదు. ఇది మంచి వాదమే. కాని మస్జిదులో చేయని నికాహ్ తక్కువదని ఎవరైనా అంటే, పైన చెప్పిన సహ్బా, సరిఫ్, అబిసీనియాలను వారు మరచినట్లే.

రాజుల చేతికి వచ్చేసరికి స్థలం అర్థమే మారిపోయింది. హి. 210 (క్రీ.శ. 825)లో అబ్బాసీ ఖలీఫా మామూన్, తన మంత్రిగా పనిచేసిన హసన్ బిన్ సహల్ కుమార్తె బూరాన్‌ను పెళ్ళాడాడు. ఇరాక్‌లో వాసిత్‌కు చేరువన ఫముస్సిల్హ్‌లోని హసన్ ఎస్టేటులో ఆ వేడుక జరిగింది. పెద్దల మీద కస్తూరి ఉండలు చల్లారు. ఒక్కొక్క ఉండలో ఒక చీటీ. దొరికినవానికి ఒక భూమి పేరో, మరొక సొత్తు పేరో అందులో రాసివుండేది. వధూవరులపై ముత్యాలు పోశారు. ఖలీఫా, అతని పరివారం 17 రోజులు అక్కడే వున్నారు. మామగారికి అయిన ఖర్చు 5 కోట్ల దిర్హములని తబరీ లెక్క. తర్వాత ఖలీఫా ఫార్స్ రాబడి నుంచి అతనికి ఒక కోటి ఇప్పించాడు. ఈ వర్ణనను గొప్పగా చెప్పుకున్నవారే ఎక్కువ. అందులో పెళ్ళికూతురి తండ్రి మీద పడ్డ భారాన్ని గుర్తించినవారు తక్కువ. వలీమా వరుని సున్నత్. వధువు ఇంటివారు జనానికి విందు చేయాలన్న ఆజ్ఞ హదీసుల్లో కనిపించదు. హిందుస్తాన్‌లోనూ దర్బారు వైభవం ఇందుకు తీసిపోలేదు. 1633లో ఆగ్రాలో దారా షికోహ్, నాదిరా బానూల పెళ్ళికి 32 లక్షల రూపాయలు ఖర్చయ్యాయి.

హైదరాబాదు చరిత్రలో స్థలం ఎంపికకు వింతైన ఉదాహరణ ఒకటి వున్నది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కుమారులిద్దరి నికాహ్ 1931 నవంబరు 12న దక్కనులో కాక ఫ్రాన్సులోని నీస్ పట్టణంలో జరిగింది. ఆజం జాహ్‌కు దుర్రుషెహ్వార్, ముఅజ్జం జాహ్‌కు ఉస్మానీ వంశానికే చెందిన నీలోఫర్ వధువులు. దుర్రుషెహ్వార్ తండ్రి అబ్దుల్ మజీద్ చివరి ఖలీఫా. 1924 మార్చిలో తుర్కీ ఖిలాఫత్‌ను రద్దుచేసి ఆయనను దేశం నుంచి వెళ్ళగొట్టింది. నీస్‌లో ప్రవాస జీవితం గడుపుతున్న ఆయనకు నిజాం ప్రభుత్వం నుంచి నెలనెలా భృతి అందేది. మౌలానా షౌకత్ అలీ మధ్యవర్తిత్వంతో ఈ సంబంధం కుదిరింది. ప్రపంచంలోకెల్ల ధనవంతుడనిపించుకున్న పాలకుని ఇంట పెళ్ళి ఇది. చౌమహల్లాలో జరిపించివుంటే నగరమంతా దీపాలు వెలిగేవి. అయినా వరులే వధువు తండ్రి తలదాచుకున్న ఊరికి వెళ్ళారు. ఇందులో రాజకీయం లేకపోలేదు. ఖిలాఫత్ వారసత్వం దక్కనుకు వస్తుందనే ఆశ కొందరికి వుండేది. ఆ ఆశ ఫలించలేదు. కాని రాజ్యం పోయిన తండ్రి తన బిడ్డను తన కప్పు కిందనే ఇచ్చి పంపగలిగాడు. ఆ పెళ్ళికి నీస్‌కంటె తగిన చోటు లేదు.

దక్కను నగరాలలో ఒకప్పుడు అమీరుల పెళ్ళిళ్ళకు దేవుడీలు, సామాన్యుల పెళ్ళిళ్ళకు ఇంటి ముంగిలి. దేవుడీ లోపలి సెహన్‌లో ఆడవారు, బయటి దాలానులో మగవారు. మాంఝా, సాంచక్, మెహందీ, జల్వా వంటి వేడుకలన్నీ ఆ రెండు భాగాల మధ్య నడిచేవి. పల్లెలలో ముస్లిముల పెళ్ళికీ తాటాకు పందిరే. గుంజలు పాతటానికి, ఆకులు పరచటానికి ఇరుగుపొరుగువారు, ఏ మతంవారైనా, చేయి వేసేవారు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. దేవుడీలు వారసుల మధ్య పంచుకోబడ్డాయి, అమ్ముడుపోయాయి. నగరం పెరిగింది, ఇళ్ళు అంతస్తులెక్కాయి. ముంగిలి లేనివారు వీధిలో షామియానా వేశారు. వీధి కూడా మిగలనప్పుడు హాలు తప్పనిసరి అయింది. కనుక షాదీఖానా కేవలం ఆడంబరం తెచ్చిన జాడ్యమని నిందించటం న్యాయం కాదు. స్థలం లేనివారికి అది అవసరం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘ఉర్దూ ఘర్ – షాదీఖానా’ పేరిట ఊరూరా భవనాలు కట్టించింది ఈ అవసరాన్ని చూసే.

చిక్కు వచ్చినది భవనం వల్ల కాదు, హాలు అద్దె ఎవరు కట్టాలన్న దగ్గర. నికాహ్ రోజు హాలు వధువు తండ్రిది, వలీమా హాలు వరునిది అనే ఆనవాయితీ హైదరాబాదులో స్థిరపడిపోయింది. ముంగిట్లో పందిరి వేసిననాడు పెళ్ళికూతురి తండ్రి పెట్టిన అన్నం అతని శక్తిని బట్టి వుండేది. హాలులో ఎన్ని కుర్చీలు వుంటే అన్ని విస్తళ్ళు పడాలి. తెలంగాణ ప్రభుత్వం 2014 అక్టోబరు 2న ‘షాదీ ముబారక్’ పథకం కింద పేద ముస్లిం ఆడపిల్లల పెళ్ళికి 51,000 రూపాయల సహాయం ప్రారంభించింది. అది 2018లో 1,00,116 రూపాయలయింది. ఆ సొమ్ము హాలు యజమానికి చేరితే సహాయం పొందినవారు ఎవరు?

స్థలం విషయంలో వధువు మాటకు విలువ వున్నదా అన్న ప్రశ్న సాధారణంగా ఎవరూ అడగరు. తన ఇష్టానికి విరుద్ధంగా తండ్రి చేసిన నికాహ్ గురించి హజ్రత్ ఖన్సా బిన్తె ఖిదామ్ (రజి) ఫిర్యాదు చేయగా దైవప్రవక్త (స) దాన్ని రద్దు చేశారు. నికాహ్‌కే ఆమె సమ్మతి మూలమైనప్పుడు, అది జరిగే చోటు గురించి ఆమెను ఒక మాట అడగటం పెద్ద పని కాదు. దక్కనులో మస్జిదు నికాహ్ అంటే వరుడు మస్జిదులో, వధువు ఇంటనో హాలులోనో. వకీలు, ఇద్దరు సాక్షులు ఆమె దగ్గరికి వెళ్ళి ఇజ్న్ తీసుకొని వస్తారు. చట్టం దృష్టిలో ఇందుకు ఖాజీ వుండితీరాలని కూడా లేదు. 1880 ఖాజీల చట్టమే ఆ మాట చెప్పింది. అయినా సియాహాలో నమోదు వుండటం ముందుముందు స్త్రీకే రక్ష, కనుక ఖాజీని పిలవటమే మేలు. స్త్రీలకు వేరు గది, వేరు ద్వారం వున్న మస్జిదులలో వధువు ఆ గదిలోనే కూర్చొని నికాహ్ ఖుత్బా తన చెవులతో వినవచ్చు. ఆమె మస్జిదులో ప్రవేశించరాని దినాలు గనుక అయితే ఇంటి ముందు గదే మేలు. మగవారు తేదీ ఖాయం చేసే ముందు ఇంటిలోని పెద్ద ఆడవారిని అడిగితే తేలిపోయే విషయం ఇది. అస్ర్ నమాజు తర్వాత మస్జిదులో నికాహ్, వచ్చినవారికి ఖర్జూరాలు, షర్బతు, మరునాడు వరుని ఇంట వలీమా, ఈ పద్ధతిని పాటించే కుటుంబాలు ఇప్పుడు నగరంలోనూ జిల్లాలలోనూ కనిపిస్తున్నాయి. ఆ వలీమాకు పేదవారిని కూడా పిలుస్తున్నారా అన్నది వేరే విచారణ. ధనికులను పిలిచి పేదలను వదిలిన వలీమా భోజనాన్ని హజ్రత్ అబూ హురైరా (రజి) అన్నిటికంటె చెడ్డ భోజనంగా పేర్కొన్నారు. అది ఇంటిలో పెట్టినా, హాలులో పెట్టినా అంతే.