వేలంపాటలో ఖర్చు, జట్టులో తూకం



ఐపీఎల్ అంటే మనం సిక్సర్లే లెక్కపెడతాం. కానీ సగం ఆట వేలంపాటలోనే అయిపోతుంది. మన హైదరాబాద్ జట్ల చరిత్ర చూస్తే ఈ సంగతి తెలుస్తుంది.

2008లో తొలి వేలం. ఒక్కో జట్టు ఖర్చు పరిమితి 50 లక్షల డాలర్లు. ఐకాన్ ఆటగాడికి అందరికన్నా 15 శాతం ఎక్కువ ఇవ్వాలి. జట్టుకు డబ్బు మిగలాలని వీవీఎస్ లక్ష్మణ్ ఆ హోదానే వదులుకున్నాడు. డెక్కన్ ఛార్జర్స్ మాత్రం ఒక్క సైమండ్స్‌కే 13.5 లక్షల డాలర్లు పెట్టింది, అంటే పావు వంతుకు పైనే. అతనేమో ఆస్ట్రేలియా పర్యటన కోసం మధ్యలోనే వెళ్లిపోయాడు. 14 మ్యాచ్‌ల్లో 2 గెలుపులు, ఎనిమిది జట్లలో ఆఖరి స్థానం! అదే ఏడాది, 4.5 లక్షల డాలర్ల షేన్ వార్న్ కెప్టెన్సీలో రాజస్థాన్ కప్పు కొట్టింది.

పెద్ద పేర్లు కొనడమే తప్పని మనం అనడం లేదు. 2009లో అదే డెక్కన్ కప్పు గెలిచింది. గిల్‌క్రిస్ట్ బ్యాటుకు ఆర్పీ సింగ్ 23 వికెట్లు, ఓజా స్పిన్ తోడయ్యాయి. అదీ తూకం అంటే.

2025కి వద్దాం. సన్‌రైజర్స్ 120 కోట్లలో 75 కోట్లు అయిదుగురిని అట్టిపెట్టుకోవడానికే పెట్టేసింది. వారిలో నలుగురు ప్రధానంగా బ్యాటర్లే. మిగిలిన 45 కోట్లతోనే బౌలింగూ, బెంచీ సర్దుకోవాలి. స్పిన్నర్ జంపా గాయపడి ఇంటికెళ్తే ఆ లోటు పూడలేదు. చివరికి ఆరో స్థానం. బెంగళూరు ముగ్గురికే 37 కోట్లు పెట్టి, మిగతాదాంతో హేజిల్‌వుడ్, భువనేశ్వర్, కృనాల్‌ను తెచ్చుకుంది. 2025 జూన్ 3న కప్పు వాళ్లదే.

ఇందులో మనకేంటి? జార్ఖండ్ ఆదివాసీ బిడ్డ రాబిన్ మింజ్‌ను 2023 డిసెంబరులో గుజరాత్ 3.60 కోట్లకు కొన్నది. పెద్ద పేరేం లేదు. కానీ దంచి కొట్టే ఎడమచేతి వికెట్ కీపర్ దొరకడం కష్టం. బైక్ ప్రమాదంతో ఆ సీజన్ పోయింది. మరుసటి వేలంలో ముంబై ఇచ్చింది 65 లక్షలే. ఆటగాడు అతనే, ధర మాత్రం ఇంత పడిపోయింది. జట్టు కొనేది తనలోని ఖాళీని నింపేవాణ్ని, అదీ ఆ రోజుకే.

అందుకే మన ఏజెన్సీ పిల్లలు టెన్నిస్ బంతితో సిక్సర్లు కొడితే చాలదు. కీపింగో, స్పిన్నో, ఏదో ఒక పని గట్టిగా నేర్వాలి. దానికి లెదర్ బంతి, మంచి పిచ్, మన మండలాల దాకా వచ్చే సెలక్షన్లు కావాలి. అవి అడగాల్సింది మనమే.