చప్పుడును ఆలకించుడి



“సప్పుడు చేయకు” అని పిల్లలను గద్దింతుము. పెండ్లి ఇంట డప్పు సప్పుడు లేకున్నచో చిన్నబుచ్చుకొందుము. ఒకచోట వద్దన్నదే మరియొకచోట కావలసివచ్చును గదా! అందుకే తెలుగున దీనికి ఒక్క పేరు చాలలేదు. చెవికి బాధ కలిగించునది రొద. నలుగురు ఒక్కసారి అరచినది గోల. సంతోషముతో నిండినది సందడి. సంస్కృతపు శబ్దము మన నోట సద్దు ఆయెను. ఆంగ్లమందు వీటిలో పెక్కింటికి నాయిస్ అను మాటయే చెల్లును. పాత ఆంగ్ల బైబిలులో 100వ కీర్తనలోని ఆ మాటకు బదులు మన బైబిలులో ఉత్సాహధ్వని అని చదువుచున్నాము.

ఈ భేదము ఎరిగినవాడు బొగ్గుగని కార్మికుడు. 1871లో డాక్టర్ కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లెందు దగ్గర బొగ్గును కనుగొనెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడెను. కాలక్రమమున గనులు గోదావరి దాటి ఉత్తరమునకు సాగెను. 2016 వరకు ఆదిలాబాద్ జిల్లాలోను, ఇప్పుడు మంచిర్యాల జిల్లాలోను ఉన్న శ్రీరాంపూర్ అట్టి బొగ్గుగనుల ఊరు.

తట్టలతో బొగ్గు నింపిన దినములలో, పనికి ముందు గని పైకప్పును కర్రతో తట్టి చూచెడివారు. గట్టిగా మ్రోగిన రాయి నిలుచును. డొల్లగా పలికిన రాయి పొర విడిచినది. కప్పునకు ఆనించిన దుంగలు కిర్రుమన్నచో, పైనుండి బరువు దిగుచున్నదని యెరిగి వెనుకకు తొలగెడివారు. ఇతరులకు అది వట్టి చప్పుడు, వారికి ప్రాణరక్షణ.

తరువాత యంత్రములు వచ్చెను. తట్ట మోయు కష్టము తగ్గెను, అది మేలే. అయితే యంత్రపు హోరులో కప్పు పగులు చిన్న చప్పుడు మునిగిపోవును. మన దేశపు గనుల భద్రతాధికారులు 85 డెసిబెల్‌లను హెచ్చరికకును, 8 గంటల పనికి 90ని అపాయమునకును హద్దులుగా ఉంచిరి. ఈ గాయమునకు నెత్తురు కారదు. లోచెవిలోని సున్నితమైన కణములు నశించినచో మరల మొలవవు. ముందుగా పోవునది సన్నని ధ్వనులను వినుశక్తి. “పిలిచినా పలుకడు” అని ఇంటివారు నిష్ఠూరమాడు వేళకు నష్టము జరిగియే యుండును.

చదువరీ, నీ ఇంటిలో ముసలితల్లి గొణుగును, పసివాడు ఏడ్చును, పొరుగువాడు మొరపెట్టును. గోల అని త్రోసివేయకముందు నీ రొద కొంచెము ఆపి ఆలకింపుము. దుంగ కిర్రుమనుట ఒక్క క్షణమే. విన్నవాడే తొలగగలడు, తోడివానిని తొలగింపగలడు.