ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే మాత్రల ప్రభావం తొలగుతుందా?

గుండెపోటు వచ్చినవారికీ, గుండె రక్తనాళంలో స్టెంట్ అమర్చినవారికీ, రక్తం గడ్డకట్టి పక్షవాతం వచ్చినవారికీ వైద్యులు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి మాత్రలను దీర్ఘకాలం వాడమంటారు. వాడుకలో వీటిని ‘రక్తం పలుచన చేసే మందులు’ అంటారు. నిజానికి ఇవి రక్తాన్ని పలుచన చేయవు. గాయమైనచోట ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా అడ్డుకుంటాయి. అందువల్ల మెదడులో రక్తనాళం చిట్లినా, కడుపులో పుండు నుంచి రక్తం కారినా అది త్వరగా ఆగదు. అటువంటి వేళ ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే మందు ప్రభావం పోతుందనే నమ్మకం బలంగా ఉంది. అది అన్నివేళలా నిజం కాదు.

సంఖ్య కాదు, పనితనం

డెంగీ జ్వరం మూలంగా ప్లేట్‌లెట్ల పేరు పల్లెల్లోనూ సుపరిచితమే. డెంగీలో వాటి సంఖ్య పడిపోతుంది. ఈ మాత్రలు వాడేవారిలో సంఖ్య సాధారణంగా మామూలుగానే ఉంటుంది, పనితనమే తగ్గుతుంది. ఆస్పిరిన్ ప్లేట్‌లెట్‌లోని ఒక ఎంజైమును శాశ్వతంగా స్తంభింపజేస్తుంది. ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేనందున ఆ ఎంజైమును తిరిగి తయారుచేసుకోలేదు. దాని ఆయుష్షు 7 నుంచి 10 రోజులు. రోజుకు సుమారు పదోవంతు కొత్తవి పుడుతుంటాయి గనుక, మాత్ర మానినా పూర్తి పనితనం రావడానికి వారం పైగా పడుతుంది.

మందును బట్టి ఫలితం

ఆస్పిరిన్ రక్తం నుంచి త్వరగా వెళ్లిపోతుంది. కాబట్టి దాత ప్లేట్‌లెట్లు చాలావరకు పనిచేయగలవు. క్లోపిడోగ్రెల్, ప్రాసుగ్రెల్ మాత్ర వేసుకున్న తొలి గంటల్లో ఎక్కిస్తే కొత్తవి కూడా మందుకు లోబడతాయి. టికాగ్రెలార్ విషయం మరింత కష్టం. అది ఎక్కువసేపు రక్తంలో తిరుగుతూ, ఎక్కించిన ప్లేట్‌లెట్లను సైతం పట్టుకుంటుంది.

పరీక్షలో తేలినది

ఈ మాత్రలు వాడుతూ మెదడులో రక్తస్రావమైన 190 మందిపై నెదర్లాండ్స్, బ్రిటన్, ఫ్రాన్స్ ఆసుపత్రులలో జరిగిన ‘ప్యాచ్’ పరీక్ష ఫలితాలు 2016లో వెలువడ్డాయి. వెంటనే శస్త్రచికిత్స అవసరం లేనివారినే అందులో చేర్చుకున్నారు. మేలు జరుగుతుందని ఆశించగా, ప్లేట్‌లెట్లు ఎక్కించినవారిలోనే మూడు నెలలనాటికి మరణం లేదా పరాధీనత ఎక్కువగా కనిపించింది. అమెరికా వైద్యుల 2022 మార్గదర్శకాలు కూడా ఇటువంటి రోగులకు ఇది హాని చేయవచ్చునన్నాయి. ఆస్పిరిన్ వాడేవారికి అత్యవసరంగా మెదడు శస్త్రచికిత్స చేయవలసివస్తే మాత్రం ఆలోచించవచ్చునన్నాయి. జీర్ణాశయ రక్తస్రావంలోనూ కేవలం ఈ మాత్రల కారణంగా ప్లేట్‌లెట్లు ఎక్కించడాన్ని ప్రోత్సహించడం లేదు. ఎండోస్కోపీ ద్వారా రక్తాన్ని ఆపడమే ప్రధాన చికిత్స.

కుటుంబం చేయవలసినది

సరిహద్దు పల్లెల్లో మందు ఒక రాష్ట్రంలో రాయించుకుని, ఆపద వేళ మరో రాష్ట్రపు ఆసుపత్రికి పరుగెత్తడం సామాన్యం. అక్కడ రోగి స్పృహలో లేకపోతే చెప్పవలసినది వెంట వెళ్లినవారే. మందు పేరు, చివరి మాత్ర వేసుకున్న వేళ, స్టెంట్ వేసిన తేదీ చెప్పగలగాలి. మాత్రల స్ట్రిప్పును, మందుల చీటీని వెంట తీసుకువెళ్లడం ఉత్తమం. తలనొప్పికి వేసుకునే డిస్ప్రిన్ కూడా ఆస్పిరినే. వార్ఫరిన్, అసిట్రోమ్ వేరే తరగతి మందులు. వాటికి విటమిన్-కె వంటి విరుగుళ్లున్నాయి, ప్లేట్‌లెట్లు విరుగుడు కావు.

ముందుగా నిర్ణయించిన శస్త్రచికిత్సకు సాధారణంగా క్లోపిడోగ్రెల్ 5 రోజులు, ప్రాసుగ్రెల్ 7 రోజులు, టికాగ్రెలార్ 3 నుంచి 5 రోజులు ముందు ఆపిస్తారు. ఆ నిర్ణయం గుండె వైద్యునిదే. సొంతంగా మానేస్తే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టి ప్రాణాపాయం కలుగుతుంది. పక్షవాత లక్షణాలు కనిపిస్తే ఇంట్లో ఆస్పిరిన్ వేయరాదు. గడ్డో రక్తస్రావమో స్కానింగులోనే తేలుతుంది. వైద్యుడు ప్లేట్‌లెట్లు వద్దంటే అది నిర్లక్ష్యం కాకపోవచ్చు; రోగి మేలు కోరి చెప్పిన మాటే కావచ్చు.