రంగం ఎక్కడుంది? ప్రపంచ పటం ముందు పేట పిల్లలు

బడి పుస్తకాల మీద రాస్తున్న వ్యాసాల్లో ఇది ఏడోది. ఈసారి భూగోళం. కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి. బీఎడ్ చేస్తున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ మాత్రం తప్పకుండా చదవాలి.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మా సోషల్ మాస్టారు ఆఫ్రికా పాఠాన్ని ఒక బిట్టుతో మొదలుపెట్టారు. "చీకటి ఖండం అని దేన్నంటార్రా?" ఎవరూ చెప్పలేదు. జవాబు ఆయనే చెప్పి, పటం మీదున్న బెత్తాన్ని నా వైపు తిప్పారు. "అదిగో, అక్కడ కూర్చుంది చూడండి" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకా ఎక్కువ నవ్వుతారని తెలుసు. ఆ రోజు నుంచి పదో తరగతి అయ్యేదాకా బళ్ళో నా పేరు ఆఫ్రికా.

దానికి నేను తీర్చుకున్న పగ ఏమిటంటే, ఆ పాఠం చదవడం మానేశాను. నైలు నది, సహారా, కాంగో అడవులు, ఏవీ ముట్టుకోలేదు. వార్షిక పరీక్షలో ఆఫ్రికా పటం మీద ప్రశ్న వస్తే ఖాళీగా వదిలేశాను. పోయినవి నా మార్కులే. పీహెచ్‌డీ రోజుల్లో దళిత సాహిత్యం మీద పని చేస్తూ నల్లజాతి రచయితల్ని చదవాల్సి వచ్చినప్పుడు గానీ మళ్ళీ ఆ ఖండం వైపు చూడలేదు. ఆ చీకటి ఎవరిదో అప్పుడు తెలిసింది.

హెన్రీ మోర్టన్ స్టాన్లీ అనే ఆయన కాంగో నది వెంట ప్రయాణం చేసి 1878లో ఒక పుస్తకం వేశాడు. ఆ పుస్తకం పేరులోనే ఆఫ్రికాను చీకటి ఖండం అన్నాడు. అక్కడి జనానికి తమ నదులూ దారులూ తెలుసు. యూరప్ వాళ్ళ చేతిలో మాత్రం ఆ లోపలి ప్రాంతాల పటం లేదు. వాళ్ళకు తెలియకపోవడానికి చీకటి అని పేరు పెట్టారు. తర్వాత అదే స్టాన్లీ బెల్జియం రాజు రెండో లియోపోల్డ్ కొలువులో చేరి కాంగో ఆక్రమణకు దారి వేశాడు. 1884 నవంబరు నుంచి 1885 ఫిబ్రవరి దాకా బెర్లిన్‌లో కూర్చుని యూరప్ రాజ్యాలు ఆఫ్రికాను పంచుకునే నిబంధనలు రాసుకున్నాయి. ఆ బల్ల దగ్గర ఒక్క ఆఫ్రికా మనిషి కూడా లేడు. లియోపోల్డ్ ఏలుబడిలో రబ్బరు కోటా తేలేని ఊళ్ళ మీద సైన్యాన్ని తోలి చంపారు, చేతులు నరికారు. వందేళ్ళ తర్వాత ఆ మాట ఒక బిట్టు ప్రశ్నయి మా ఊరి బడికొచ్చి, బెత్తం చివర నా మీద వాలింది.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో పిల్లలకు ఖండాల గురించి చెప్తాం. పదకొండు, పన్నెండేళ్ళ వయసు. ఎక్కడ ఏ నది పారుతుందో నేర్చుకునే ఆ వయసులోనే, ఎక్కడి మనుషులు గొప్ప, ఎక్కడి మనుషులు తక్కువ అన్న లెక్క కూడా పటంతో పాటు బుర్రకెక్కుతుంది. మన పిల్లలు ఆ లెక్కలో తమ స్థానమేమిటో కూడా అక్కడే నేర్చుకుంటారు. అందుకే ఈ పాఠాన్ని నేను చిన్న విషయం అనుకోను.

ఇప్పుడు ఆదివారాలు మా పేటలోని అంబేద్కర్ కమ్యూనిటీ హాల్లో ఈ మూడు తరగతుల పిల్లలకు సోషల్ చెప్తున్నాను. నాది తెలుగు. సోషల్ చెప్పేవాళ్ళు లేక దిగాను. రేఖాంశాల పాఠం ఎంత చెప్పినా ఒక్కరికీ ఎక్కలేదు. నాకే విసుగొచ్చి, "కువైట్‌లో ఇప్పుడు టైమెంత?" అని ఊరికే అడిగాను. ఎప్పుడూ నోరు విప్పని ఏడో తరగతి పిల్ల తడుముకోకుండా చెప్పింది. "ఎనిమిదిన్నర సార్. అమ్మ పనిచేసే ఇంట్లో టిఫిన్లు అవుతుంటాయి." గోడ గడియారంలో పదకొండు.

వాళ్ళమ్మ నాలుగేళ్ళుగా కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. మా కోనసీమలో అలాంటి ఇళ్ళు ప్రతి పేటలోనూ ఉంటాయి. "అమ్మకు రాత్రి ఎనిమిదైతే నాకు పదిన్నర. ఫోనొచ్చేదాకా నిద్రపోను సార్" అంది. అప్పుడు బోర్డు మీద రాశాం. మన దేశపు గడియారం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం మీద నడుస్తుంది. ఆ రేఖ మన కాకినాడకు దగ్గర్లోంచే పోతుంది. కువైట్ టైము 45 డిగ్రీల రేఖది. తేడా 37½ డిగ్రీలు. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు. గుణిస్తే 150 నిమిషాలు, అంటే రెండున్నర గంటలు. నాకంటే ముందు ఆ పిల్లే గుణించింది. నలభై నిమిషాలు గొంతు చించుకున్నా ఎక్కని పాఠం, వాళ్ళమ్మ ఫోన్ కాల్‌తో ఎక్కింది.

మనం నైరుతి ఆసియా అంటే ఎడారి, చమురు, ఒంటె, ఖర్జూరం అని చెప్పేసి ముందుకెళ్తాం. ఆ చమురు డబ్బుతో లేచిన ఇళ్ళలో అంట్లు తోమేదెవరో, వాళ్ళ పాస్‌పోర్టు ఎవరి బీరువాలో ఉంటుందో చెప్పం. తల్లిని అక్కడికి పంపిన పిల్ల ఆ పాఠాన్ని ఎవరిదో దేశం అనుకుని బట్టీ పడుతుంది.

ఆ రోజు ఇంటికొస్తుంటే నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. "మీ ముత్తాత రంగం పోయాడ్రా, మళ్ళీ రాలేదు" అనేది. చిన్నప్పుడు నేను రంగమంటే యుద్ధరంగం అనుకున్నాను. ముత్తాత ఏదో యుద్ధంలో పోయాడని స్నేహితులకు గొప్పగా చెప్పుకున్నాను. రంగమంటే రంగూన్ అని డిగ్రీలో గానీ తెలియలేదు. పటం మీద వేలు పెట్టి చూపించే మాస్టారు ఒక్కరుంటే నాకు ఆరో తరగతిలోనే తెలిసుండేది. కాకినాడ నుంచి బంగాళాఖాతానికి అడ్డంగా తూర్పు వైపు స్కేలు పెడితే చేతికి దొరికే ఊరది.

రంగూన్‌కు మనవాళ్ళు ఎందుకు పోయారో చెప్తే బర్మా భూగోళం మొత్తం చెప్పినట్టే. ఐరావతి డెల్టా వరి నేల. 1869లో సూయజ్ కాలువ తెరిచాక అక్కడి బియ్యానికి యూరప్ మార్కెట్ దగ్గరైంది. అడవులు నరికి పొలాలు చేశారు, మిల్లులు కట్టారు. ఆ మిల్లుల్లో, రేవులో బస్తాలు మొయ్యడానికి విశాఖ, భీమిలి, కాకినాడ రేవుల నుంచి స్టీమర్ల మీద కూలీలు పోయారు. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి తీసుకెళ్ళేవాడు, ఆ అప్పు కూలీలో కోసుకునేవాడు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్ళను కొరంగీలు అనేవాళ్ళు. అదీ గౌరవంగా అనే మాట కాదు. రంగూన్ వీధులూ పాయిఖానాలూ ఊడ్చిన చేతుల్లోనూ ఎక్కువ మన చేతులే. సముద్రం దాటినా పని మారలేదు.

ఇక్కడ ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. ఆర్థిక మాంద్యంలో డెల్టా రైతుల భూములు ఎన్నో చెట్టియార్ల అప్పుల్లో పోయాయి. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే, కంపెనీలు బర్మా కూలీలను పనిలో పెట్టుకున్నాయి. సమ్మె తెగాక వాళ్ళను పొమ్మన్నాయి. కడుపు మండిన ఇద్దరు పేదలు ఒకరినొకరు కొట్టుకున్నారు. వందమందికి పైగా చనిపోయారు. లాభం కంపెనీలదే. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక లక్షలాది మంది కాలినడకన కొండలూ అడవులూ దాటి వెనక్కి వచ్చారు. దారిలో పోయినవాళ్ళు ఎందరో. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే పేరు ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. మన బాధతో పాటు బర్మా రైతు బాధ కూడా పిల్లలకు చెప్పాలి. ఒక ప్రాంతం గురించి చెప్పడమంటే అక్కడి మనుషుల వైపు నుంచి కూడా చూపించడమే.

బర్మా కంటే ముందే మనవాళ్ళు ఇంకా దూరం పోయారు. పురాణ భూగోళంలో ఏడు ద్వీపాల చుట్టూ ఏడు సముద్రాలు: ఉప్పు, చెరకురసం, కల్లు, నెయ్యి, పెరుగు, పాలు, మంచినీళ్ళు. ఆ పాఠం మనకెవరూ చెప్పలేదు, మన చెవిన పడనివ్వలేదు. బౌధాయన ధర్మసూత్రం సముద్రయానాన్ని మనిషిని పతితుణ్ణి చేసే పాపాల్లో చేర్చింది. అప్పటికే పతితులని తీర్మానించినవాళ్ళను సముద్రం కొత్తగా ఏం మైల చేస్తుంది? ఉప్పు సముద్రం నిజంగా దాటి అవతల చెరకు నరికింది మనవాళ్ళు.

బ్రిటన్ తన వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేస్తూ 1833లో చట్టం చేసింది. మారిషస్‌లో అది 1835లో అమలైంది. విడుదలైన ఆఫ్రికా బానిసల స్థానంలో చెరకు తోటలకు మనుషులు కావాలి. అందుకు ఒప్పంద కూలీలను మన దేశం నుంచి ఎక్కించారు. మారిషస్‌లో పోర్ట్ లూయీ దగ్గర వాళ్ళు దిగిన ఆప్రవాసీ ఘాట్‌ను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. నాటాల్ చెరకు తోటలకు వెళ్ళిన మొదటి ఓడ అదే. వెళ్ళినవాళ్ళలో అన్ని కులాలవాళ్ళూ ఉన్నారు. నాటాల్ ఓడల జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, వీటితో పాటు కులానికీ ఒక గడి ఉంది. ఒప్పందం ముగిశాక అక్కడే ఉండిపోయిన తెలుగువాళ్ళు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు.

ఇప్పుడు ఏడో తరగతిలోని నన్ను తలుచుకోండి. ఆఫ్రికా అని పిలిచి నవ్వినప్పుడు, "అవును సార్, అక్కడ చెరకు తోటల్లో మా కూలోళ్ళు చెమటోడ్చారు, ఆ నేల మాకు చుట్టరికం" అని చెప్పగలిగేవాణ్ణి. ఆ జవాబు నాకు అందకుండా పోయింది.

ఈ చుట్టరికం కొత్తగా నేను కనిపెట్టింది కాదు. మహాత్మా ఫూలే 1873లో వేసిన 'గులాంగిరి'ని, నీగ్రో బానిసల విముక్తికి నిలబడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. పూనాలో కూర్చుని ఆయన ప్రపంచ పటాన్ని అలా చదివారు. బాబాసాహెబ్ 1913లో న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. 1946లో నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఉత్తరం రాస్తూ, ఐక్యరాజ్య సమితికి నల్లజాతి వాళ్ళు ఇచ్చిన విజ్ఞప్తి ప్రతిని అడిగారు. జాషువా 1941లో 'గబ్బిలం'లో ఒక అంటరాని మనిషి చేత ఉత్తరాన ఉన్న శివుడికి సందేశం పంపించారు. గబ్బిలానికి దారి చెప్తూ ఆ మనిషి ఊళ్ళూ నదులూ చరిత్రా వరసగా చూపిస్తాడు. పాఠాలు చెప్పడానికి వచ్చాక నాకది భూగోళం పాఠంలా కూడా కనిపిస్తోంది.

1959లో మార్టిన్ లూథర్ కింగ్ మన దేశానికి వచ్చినప్పుడు తిరువనంతపురంలో దళిత పిల్లల బడికి వెళ్ళాడు. అక్కడి ప్రిన్సిపల్ ఆయన్ను పిల్లలకు అమెరికా నుంచి వచ్చిన తోటి అంటరానివాడిగా పరిచయం చేశాడట. మొదట ఆ మాటకు ఉలిక్కిపడ్డానని, తర్వాత తన దేశంలోని నల్లవాళ్ళను తలుచుకుని అది నిజమేనని ఒప్పుకున్నానని కింగ్ 1965 జూలై 4న తన చర్చిలో చేసిన ప్రసంగంలో చెప్పాడు. ఆ ప్రిన్సిపల్ ఒక్క వాక్యంలో ఆ పిల్లలకు ఉత్తర అమెరికా పాఠం చెప్పేశాడు.

ఇదంతా చదివి వర్షపాతం, పవనాలు, రాజధానులు చెప్పడం మానేయమంటున్నానని అనుకోకండి. మార్కులు మన పిల్లలకే ఎక్కువ అవసరం. నేను చేస్తున్నది ఒక్కటే. ఏ ప్రాంతం చెప్పినా నేల, నీళ్ళు, గాలి చెప్పాక నాలుగు ప్రశ్నలు వేస్తున్నాను. ఇక్కడ ఏం పండుతుంది? ఎవరు కోస్తారు? ఎవరు పట్టుకుపోతారు? మనవాళ్ళు ఎవరైనా ఇక్కడున్నారా? నోట్‌బుక్‌లో ఆ నాలుగో ప్రశ్నకు జవాబు ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రాసుకురావాలి.

పోయిన ఆదివారం ఆఫ్రికా చెప్పాను. ఏడో తరగతిలో వదిలేసిన పాఠం, ఇన్నేళ్ళకు. గోడ పటం మీద గ్రీన్‌లాండ్, ఆఫ్రికా దాదాపు ఒకే సైజులో ఉన్నాయి. 1569లో మెర్కేటర్ ఓడల దిక్కుల కోసం గీసిన పద్ధతిలో ధ్రువాల వైపు దేశాలు ఉబ్బిపోతాయి. గ్లోబు మీద పల్చటి కాగితం పెట్టి పిల్లల చేత గ్రీన్‌లాండ్ గీయించి, కత్తిరించి ఆఫ్రికా మీద పరిపించాను. పధ్నాలుగు గ్రీన్‌లాండ్‌లు పడతాయని తేలింది. అమెరికా, చైనా, ఇండియా మూడూ కలిపి పెట్టినా ఇంకా చోటు మిగిలింది. కువైట్ అమ్మాయి ఆఫ్రికా చుట్టూ వేలు తిప్పి, "ఇంత పెద్దదాన్ని మా పుస్తకంలో అంత చిన్నగా ఎందుకేశారు సార్?" అంది. వచ్చే వారం ఆ ప్రశ్నతోనే మొదలుపెడతాం.

మీ ఇళ్ళలో రంగం పోయినవాళ్ళు, మారిషస్, నాటాల్, మలయా, గల్ఫ్ పోయినవాళ్ళు ఉంటే ఇంట్లో ముసలివాళ్ళు ఉండగానే అడిగి రాసి పెట్టుకోండి. మా నాయనమ్మను నేను అడగలేదు. ముత్తాత ఏ ఏడు పోయాడో, ఏ రేవులో ఎక్కాడో ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు.

జై భీమ్.